మూరెడు లోపల గీసిన గీత

మొన్న మార్కాపురంలో నేను చదువుకున్న బడికి వెళ్ళాను. పాత విద్యార్థులమంతా కలిసి ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కు సిమెంటు కోర్టు వేయిస్తున్నాం. గీతలు వేసే పెయింటరు వెంట వచ్చిన మనిషి టీకి పోయినట్టున్నాడు, పెయింటరు నన్ను చూసి, "అమ్మా, ఈ తాడు కొస రింగు కింద గుర్తు మీద కొంచెం నొక్కి పట్టుకుంటారా? త్రీ పాయింట్ గీత గీయాల" అన్నాడు. తాడు అందుకున్నాను గానీ వెంటనే తిరిగి ఇచ్చేశాను. ఎండకు కళ్ళు తిరుగుతున్నాయని అబద్ధమాడి గోడ నీడకు వచ్చి కూర్చున్నాను. పక్కనే నిలబడ్డ ఇప్పటి డ్రిల్లు సారు, "ఇప్పుడంతా త్రీ పాయింటే మేడం. రింగు కిందకు పోయి దెబ్బలు ఎవరు తింటారు?" అని నవ్వాడు. ఎవరు తింటారో నాకు తెలుసు.

ఆమెను మేము రాచర్లక్క అనేవాళ్ళం. నాతో పాటు పదో తరగతే, కానీ నడుమ రెండేళ్ళు మిరపకాయల కోతకు పోయి మళ్ళీ బడికి వచ్చింది గనుక వయసులోనూ పొడవులోనూ మాకంటే పెద్దది. ఊరు రాచర్ల దగ్గర, అమ్మానాన్నలు కూలి చేసుకునేవాళ్ళు, తను మా ఊళ్లో హాస్టల్లో ఉండేది. ఆటకు దిగే ముందు మెడలోని సిలువ దారాన్ని జాకెట్టు లోపలికి తోసుకునేది, అంతే, ఇక రింగు కింద ఆమెదే రాజ్యం. మోచేతి పోట్లు, గోళ్ళ గీతలు, ఒకసారి పెదవి చిట్లింది కూడా. ఎగిరి బంతి అందుకోవడం, ఖాళీ ఉంటే వేయడం, లేకపోతే బయట నిలబడ్డ నాకు అందించడం. నేనేమో బట్టల దుకాణం వాళ్ళమ్మాయిని. నెయ్యన్నం ఒళ్ళు, దెబ్బంటే చచ్చేంత భయం. అందుకని దూరంగా నిలబడి విసరడం నేర్చుకున్నాను. మా డ్రిల్లు మేడానికి అది ససేమిరా నచ్చేది కాదు. "దూరం నించి ఏసేదానికి ఇదేమన్నా తిరనాళ్ళలో రింగులాటనా? లోపలికి పోవే!" అని ఈల నోట్లోంచి తీసి మరీ అరిచేది. అప్పుడే దూరపు గీత అవతల నుంచి వేస్తే రెండు కాదు, మూడు పాయింట్లు అనే రూలు మా ఊరిదాకా వచ్చింది. ఆ రోజు నా మొహం చూడాల్సింది! భయస్తురాలికి ప్రభుత్వమే బహుమతి ఇచ్చినంత సంబరపడ్డాను.

ఆ ఏడు ఒంగోలు నుంచి ఒక సారు వచ్చి, మమ్మల్ని రెండు జట్లుగా ఆడించి, మా బడిలో ఒకే ఒక్క అమ్మాయిని ఎంచుకుంటాడన్నారు. ఆ అమ్మాయికి ఒంగోలులో ఆటల హాస్టలు, ఇంటర్ చదువు, మూడు పూటలా తిండి. పదో తరగతితో రాచర్లక్క హాస్టలు అయిపోతుంది. "సీటు రాకుంటే మాయమ్మ మళ్ళా కూలికి రమ్మంటాది మ్మే" అని నాతో అననే అంది. ఆ సీటు ఆమెకు బతుకు. నాకు, ఊళ్లో గొప్ప.

మాది మట్టి కోర్టు. ఆట ముందు రోజు సాయంత్రం ముగ్గుపిండితో గీతలు వేయాలి. పిండి మా ఇంటి నుంచే వచ్చేది కాబట్టి గీసే పెత్తనం నాది. దూరపు గీతకు కొలత తాడు ఒకటి ఉండేది. ఎక్కడ పట్టుకోవాలో గుర్తుకు దానికి మా దుకాణంలోని ఎర్ర గుడ్డ పీలిక కట్టాం. రాచర్లక్క రింగు కింద గొంతుకూర్చుని తాడు కొస అదిమి పట్టుకుంది. నేను రెండో వైపు పీలిక దగ్గర కాకుండా, దానికి మూరెడు లోపల పట్టుకున్నాను. నిజం చెప్పాలంటే అసలు దూరం నుంచి నా బంతి రింగుకు తగిలితే గొప్ప.

"పీలిక కాడనే పట్టుకున్నావా మ్మే?" అని అడిగింది.

"ఆఁ, పీలిక కాడనే."

ఆమె తాడు కొసను ఇంకాస్త అదిమింది. "సరే, గీయి. దుకాణమోళ్ళ పిల్లవి, కొలత నీకు తెలీకపోతే నాకు తెలుస్తాదా" అంది. రెండో వైపు కూడా అట్లాగే గీశాను. రెండు వైపులా ఒకటేగా, ఇందులో మోసమేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దూరం నుంచి వేసేదాన్ని రెండు జట్లలో నేనొక్కదాన్నేనన్న సంగతి మాత్రం మనసు చాటున దాచుకున్నాను. మా నాయన గజం గుడ్డ కొలిస్తే నాలుగు వేళ్ళు కొసరు వదిలి చించే మనిషి. ఆయన కూతుర్ని నేను!

మర్నాడు మేడం పలక మీద బలపంతో ఎవరి పాయింట్లు వాళ్ళకు రాసింది. పలకల ఊరు మాది, రాయడానికి లోటా? రాచర్లక్క ఏడుసార్లు వేసింది, పద్నాలుగు. నేను ఐదుసార్లు వేశాను, పదిహేను. ఆ ఐదింటిలో నాలుగు బంతులు ఆమె రింగు కింద పోట్లు తిని నాకు అందించినవే. అది రాసే చోటు పలక మీద లేదు. ఒంగోలు సారు పలక చూసి నా పేరు రాసుకున్నాడు. రాచర్లక్క వచ్చి నా భుజం తట్టి, "భలే ఏసినావు మ్మే" అంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఇంటికొచ్చి చెబితే నాయన నవ్వి, "ఆడపిల్లవి, నిక్కరేసుకోని ఒంగోలు పోతావా? ఇంగ చాల్లే" అన్నాడు. అంతే. గడ్డివాము దగ్గర కుక్కలా నేను తినలేదు, తినేదాన్ని తిననివ్వలేదు. మేడం దగ్గరకు పోయి ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ సీటు రాచర్లక్కకు వచ్చేదేమో. మూడు రోజులు మేడం గది దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నాలుగో రోజు సీటు వేరే ఊరి అమ్మాయికి పోయిందన్నారు. పరీక్షలు కాగానే రాచర్లక్క కూలికి పోయింది.

చాలా ఏళ్ళకు, దుకాణం నా చేతికి వచ్చాక, ఒకసారి రాచర్లక్క జాకెట్టు గుడ్డకు వచ్చింది. అరచేతులు పగిలి ఉన్నాయి. కొలిచి, మూరెడు ఎక్కువే వదిలి కత్తెర పెట్టబోయాను. "వద్దు మ్మే, సరింగా కొలిచియ్యి" అంది నా కళ్ళలోకి చూస్తూ. పాపం, ఆమెకేమీ తెలియదు, ఊరికే అన్న మాటే అనుకుని ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను.

మొన్న నీడలో అరగంట కూర్చున్నాక లేచి వెళ్ళి, "ఇటివ్వు నాయనా, పట్టుకుంటా" అన్నాను. రింగు కింద రాచర్లక్క కూర్చున్నట్టే గొంతుకూర్చుని తాడు కొస అదిమాను. అవతల పెయింటరు తాడు బిగించాడు. అతని పిడికిలి, దాని వెనక వేలాడే మిగులు తాడు, దానికున్న చిన్న ముడి కూడా ఈ వయసు కళ్ళకే తేటగా కనిపించాయి. ఆమెవి పదిహేడేళ్ళ కళ్ళు, ఆనాడు నా పిడికిలి వెనక వేలాడింది ఎర్ర పీలిక. అంటే చూసే అడిగింది. నేనే నిజం చెబుతానేమోనని ఒక అవకాశం ఇచ్చింది. తాడు వదలకుండా ఆ గీత పూర్తయ్యేదాకా అక్కడే కూర్చుని ఏడ్చాను. ఎండ అనుకున్నాడు పెయింటరు. రాచర్ల ఆటోలు ఇప్పటికీ మా దుకాణం ముందు నుంచే పోతాయి, ఎక్కి ఆమె దగ్గరకు పోవాలని అనుకుంటూనే ఉన్నాను. మా నాయనలాగా కాలం కొసరు వేయదు.