లెక్కలను బలపరిచే మనిషి

నైరోబీకి దగ్గర్లో ఉన్న మచాకోస్ ఊరి బజారులో స్యోకావును ఎరగని మనిషి ఉన్నాడంటే, ఆ మనిషి నిన్ననే బస్సు దిగి ఉండాలి. శుక్రవారం పొద్దున్నే చంకన సంచీతో ఆవిడ పాతబట్టల వరసలోకి అడుగుపెట్టగానే, అక్కణ్ణుంచి కుట్టుపనివాళ్ళ వరస దాకా చిల్లర డబ్బాల మూతలు తెరుచుకునేవి. ఆవిడ కివులి బీమా కంపెనీ ఏజెంటు. ఆ కంపెనీని బజారులో ఎవరూ కళ్ళారా చూడలేదు. వాళ్ళు చూసింది స్యోకావును. వానలో తడుస్తూ వచ్చి, పిల్లల జ్వరాల గురించి అడిగి, వాళ్ళు పోసిన చాయ్ తాగి, ప్రీమియం కట్టించుకు వెళ్ళే స్యోకావును.

"కొట్టు కాలిపోతే కంపెనీ నిజంగా ఇస్తుందా అక్కా?" అని ఎవరైనా అడిగితే, "ఇవ్వకపోతే నన్నడుగు" అనేది. ఇరవై ఏళ్ళకు పైగా వ్యాపారం ఆ ఒక్క మాట మీద నడిచింది. నైరోబీలో అద్దాల మేడలో కూర్చున్న పెద్దమనుషులు ఆ మాటను అమ్ముకుని తిన్నారు. తిన్నామని మాత్రం ఏనాడూ ఒప్పుకోలేదు.

మొదట్లో కివులి అంటే ఒట్టి బీమా. తర్వాత దాని నెత్తిన ఒక పెద్ద కంపెనీ వెలిసింది. బజార్లలో పోగైన డబ్బంతా బీమా కంపెనీ తెచ్చి ఆ పెద్ద కంపెనీ ఒళ్ళో పోసేది. ఆ డబ్బుతో అది నైవాషా చెరువు పక్కన గులాబీ తోట కొంది. సిమెంటు ఫ్యాక్టరీలో వాటా కొంది. బస్సులు కొని, చేతులు కాల్చుకుని, సగం ధరకు అమ్మేసింది. డబ్బు ఎక్కడ పెడితే రెట్టింపవుతుందో తెలిసిన మేధావి అని చైర్మన్‌ను పత్రికలు ఆకాశానికెత్తేవి. ఆయన పెడుతున్నది ఎవరి డబ్బని అడిగిన పత్రిక ఒక్కటీ లేదు.

ఇరవై ఏళ్ళు పనిచేసినందుకు స్యోకావుకు ఆ పెద్ద కంపెనీ షేర్లు కొన్ని ఇచ్చారు. అప్పటినుంచి ఆవిడ ఏటా నైరోబీలో వాటాదార్ల సభకు వెళ్ళేది. ఆ సభకు వచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది రిటైరైన ముసలివాళ్ళు. వాళ్ళు వచ్చేది లెక్కలు వినడానికి కాదు. సభ అయ్యాక కోడికాలు, వేయించిన ఆలుగడ్డలు, సోడా ఉన్న భోజనం పెట్టె ఒకటి, కంపెనీ బొమ్మ వేసిన గొడుగు ఒకటి ఇస్తారు. అందుకు వస్తారు. వాళ్ళను తప్పుపట్టి ఏం లాభం? ఆ కంపెనీ నుంచి వాళ్ళకు కచ్చితంగా దక్కేది ఆ రెండే.

సభలో ఆ ఏటి లెక్కలను ఆమోదించమని ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. ప్రతిపాదించడానికి టై కట్టిన మనిషిని పెట్టేవాళ్ళు. బలపరచడానికి మాత్రం తలగుడ్డ కట్టుకున్న బజారు మనిషి కావాలి, ఫొటోలో బాగుంటుంది. అలా ఏళ్ళ తరబడి కివులి లెక్కలను బలపరుస్తూ వచ్చింది స్యోకావు. "మా మచాకోస్ అమ్మ" అని చైర్మన్ మైకులో పిలవగానే లేచి, "బలపరుస్తున్నాను" అని కూర్చునేది. ఆ ఒక్క ముక్క అనడానికి కొత్త తలగుడ్డ కొనేది. ఆ లెక్కల్లో ఏముందో ఆవిడకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

కిందటేడు ఎండల్లో కుట్టుపనివాళ్ళ వరస తగలబడింది. ముథేవు అనే పిల్ల కొట్టు బూడిదైంది. బడిపిల్లల యూనిఫారాలు, రెండు మిషన్లు, అన్నీ పోయాయి. ఒక్క వారం కూడా ప్రీమియం ఎగ్గొట్టని పిల్ల. స్యోకావే దగ్గరుండి కాయితాలు నింపి పంపింది. కంపెనీ వాళ్ళు మిషన్ల రసీదులు అడిగారు. కాలిపోయిన కొట్లో రసీదులొక్కటే కాలకుండా ఎలా ఉంటాయో వాళ్ళకే తెలియాలి! ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా నైరోబీ ఆఫీసు కౌంటరు వెనకనుంచి ఒకటే జవాబు, పరిశీలనలో ఉందని.

సొంత కొట్లో ఇద్దరికి పని ఇచ్చిన ముథేవు ఇప్పుడు పరాయివాళ్ళ మిషను మీద కూలికి కుడుతోంది. సభకు ముందురోజు ఆ పిల్ల స్యోకావును బజారు మధ్యలో నిలేసింది.

"అక్కా, ఇవ్వకపోతే నిన్నడగమన్నావు గదా. అడుగుతున్నా."

"రేపు చైర్మన్‌నే అడుగుతానే తల్లీ. మధ్యలో ఈ గుమాస్తాలు తొక్కిపెడుతున్నారుగానీ, పాపం ఆయనకేం తెలుసు!"

"ఆయనకు తెలీకుండానే అంత మేడ కట్టాడా?" అని ముథేవు విసురుగా వెళ్ళిపోయింది.

స్యోకావు నొచ్చుకుంది. తనను అమ్మా అని పిలిచే మనిషి చెడ్డవాడు కాడని ఆవిడ నమ్మకం. కింద ఉన్నవాళ్ళు దొంగలు, పైన ఉన్నాయన దేవుడు అని నమ్మేవాళ్ళు ఉన్నంతకాలం పైవాళ్ళ పని హాయి.

మర్నాడు సభలో ఆవిడ పక్కన కిలోన్జో కూర్చున్నాడు. వాళ్ళ ఊరివాడే, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. "ఈసారి గొడుగు పెద్దదటమ్మా, ఇద్దరు పడతారట. మా ముసలిదాన్ని వెంటేసుకు తిరగొచ్చు" అని కిసుక్కున నవ్వాడు.

చైర్మన్ లేచాడు. కంపెనీ చరిత్రలో ఇంత లాభం ఎన్నడూ రాలేదన్నాడు. చప్పట్లు. పూలతోట బాగుందన్నాడు, సిమెంటు బాగుందన్నాడు. "అన్నిటికంటే గర్వకారణం మన బీమా విభాగం. కిందటేడు మనం చెల్లించిన నష్టపరిహారాలు మూడోవంతు తగ్గాయి. ఇది మన క్రమశిక్షణకు ఫలితం. అలా మిగిలిన సొమ్ముతో మొంబాసా తీరాన చక్కని హోటలు కొంటున్నాం" అన్నాడు. హాలు దద్దరిల్లింది.

స్యోకావు కూడా అలవాటుగా చేతులెత్తింది, కానీ చప్పట్లు కొట్టలేకపోయింది. తగ్గాయా? ఎలా తగ్గాయి? మచాకోస్‌లో వరసంతా కాలిన ఏడాది అది. నిప్పు తగ్గలేదే! తగ్గింది ముథేవు మిషన్లు. ఆ పిల్లకు ఎగ్గొట్టిన డబ్బే అక్కడ వేదిక మీద లాభమై కూర్చుంది, రేపు సముద్రం ఒడ్డున హోటలై నిలబడుతుంది. ఆయనకు తెలియకపోవడమేమిటి? తెలిసి, అదే గొప్పగా చెప్పుకుంటున్నాడు. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

టై కట్టిన మనిషి లెక్కలను ప్రతిపాదించాడు. "బలపరిచేది ఎవరో మీకందరికీ తెలుసు. మన మచాకోస్ అమ్మ!" అన్నాడు చైర్మన్. అపోండి అనే ఆఫీసు పిల్ల మైకు తెచ్చి చేతికిచ్చింది.

"నేను బలపరచను" అంది స్యోకావు.

మైకు సరిగా పనిచేయడం లేదనుకుని చైర్మన్ నవ్వుతూ, "ఇంకోసారి చెప్పండమ్మా" అన్నాడు.

"ఎన్నిసార్లయినా చెప్తా. నేను బలపరచను. నష్టాలు కట్టడం తగ్గిందని చప్పట్లు కొట్టించుకుంటున్నారే, తగ్గలేదయ్యా, మీరు ఎగ్గొట్టారు. మా బజారు కాలిపోయింది. ముథేవనే పిల్ల మిషన్లు కాలిపోయినయ్. వారం వారం దాని ప్రీమియం నా చేతులతో వసూలు చేసి మీకు తెచ్చిచ్చా. దాని డబ్బు దానికిచ్చి, మిగిల్తే అప్పుడు కొనుక్కోండి హోటళ్ళు!"

వెనక వరసల్లో ఎవరో ఈల వేశారు. "బాగా అడిగావమ్మా!" అని ఒక ఆడమనిషి అరిచింది. చైర్మన్ మొహంలో నవ్వు చెక్కుచెదరలేదు. "మీ బాధ నాకు అర్థమైందమ్మా. ఒక్కొక్కరి విషయాలు ఇక్కడ చర్చించలేం. కింద అంతస్తులో కౌంటరుంది. అక్కడ చెప్పండి" అన్నాడు.

"ఏడాదిగా ఆ కౌంటరుకే చెప్తన్నా!"

అపోండి తల దించుకుని మైకు తీసేసుకుంది. అప్పటికే హాలు తలుపుల దగ్గర భోజనం పెట్టెలు దొంతర్లుగా పేరుస్తున్నారు, వేయించిన కోడి వాసన లోపలికి కొడుతోంది. "కానివ్వండి, కానివ్వండి. బస్సులు పోతాయ్" అని గొణుగుళ్ళు మొదలయ్యాయి. బలపరిచేవాళ్ళు లేనిదే సభ ముగియదు, సభ ముగియనిదే పెట్టెలు కదలవు. చైర్మన్ హాలంతా కలయజూశాడు.

స్యోకావు పక్కనుంచి చెయ్యి లేచింది. "నేను బలపరుస్తున్నా" అన్నాడు కిలోన్జో.

చప్పట్లు కొట్టి అందరూ తలుపుల వైపు పరిగెత్తారు.

బయట కిలోన్జో పెట్టె, గొడుగు పట్టుకుని ఆవిడ వెంటపడ్డాడు. "కోపం తెచ్చుకోకమ్మా. నేను ఒద్దన్నంత మాత్రాన ఆగుద్దా? పెద్ద పెద్ద వాటాలన్నీ వాళ్ళ చేతిలోనే ఉన్నయ్. మన చెయ్యి ఒట్టి ముచ్చటకి."

"ముచ్చటకే అయితే ఎందుకెత్తావ్?"

"ఆకలేసింది" అన్నాడు కిలోన్జో. అబద్ధం ఆడలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. స్యోకావు పెట్టె తీసుకోలేదు, గొడుగూ తీసుకోలేదు. ఖాళీ కడుపుతో బస్సెక్కింది.

మర్నాడే ఆవిడ మళ్ళీ నైరోబీ వెళ్ళి, షేర్లు కొని అమ్మే బ్రోకరు ముందు కూర్చుంది. ఉన్నవన్నీ అమ్మేయమంది. ఆ బ్రోకరు మంచివాడే. "ఇప్పుడెందుకమ్మా అమ్ముకోవడం? నిన్నటి లెక్కలు చూసి రేటు పెరిగింది. చెల్లింపులు బాగా తగ్గించారని అందరూ ఎగబడి కొంటున్నారు. ఆగితే ఇంకా వస్తాయి" అన్నాడు.

స్యోకావు ఆయన మొహంలోకి చూసింది. ఒక పిల్లకు ఇవ్వాల్సింది ఇవ్వనందుకు రేటు పెరిగింది! అలా చేయడం మంచిదని కొనేవాళ్ళు వరసలో నిలబడ్డారు. తిడదామని నోటిదాకా వచ్చింది కానీ, ఎదురుగా ఉన్నవాణ్ణి తిట్టి లాభం లేదు.

"అమ్మేయ్ నాయనా. ఈ రోజే" అంది.

డబ్బు చేతికి రాగానే ఆవిడ బజారులో మంచి కుట్టుమిషను ఒకటి బేరం చేసి, తోపుడుబండి మీద ముథేవు దగ్గరికి తోయించుకొచ్చింది. ఒక్కదానికే సరిపోయింది. రెండోదానికి చాలలేదు. ఆ వరసలో కాలిపోయిన మిగతా కొట్లకు అసలే చాలలేదు. ఏజెంటు సంచీ ఆ వారమే కంపెనీకి పంపేసింది. శుక్రవారం వరసల్లో తిరిగి, ఇకమీదట తన మాట మీద ఎవరూ డబ్బు కట్టొద్దని ఒక్కొక్కరికీ చెప్పొచ్చింది. ఆ చెప్పడం ఆవిడకు ఎంత నామోషీ అనిపించిందో ఆవిడకే తెలుసు.

అదంతా తర్వాతి సంగతి. మిషను బండి దిగిన రోజు ముథేవు దాని చక్రం మీద చెయ్యి వేసి తిప్పింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చుట్టుపక్కల కొట్లవాళ్ళు మూగారు.

"చూశారా! ఆలస్యమైనా ఇచ్చారు. నువ్వడిగావు గనకే ఇచ్చారక్కా. నేను ఊరికే నోరు పారేసుకున్నా. కంపెనీ మంచిదే" అంది ముథేవు అందరికీ వినబడేలా.

స్యోకావు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మిషను మీదనుంచి తీసేసింది.

"ఇది నేనిచ్చిందే. నేను, స్యోకావును. కంపెనీ ఇచ్చిందని ఇంకొక్కసారి నీ నోటెంట వచ్చిందో, మిషను తిరిగి బండెక్కిస్తా."