పియానోకు పోసిన నీళ్ళు

ప్యాకింగ్ మనిషి పియానో కింది పలక ఊడదీయగానే, అనంతపురంలోని మా అద్దె ఇంటి హాలంతా నాని ముక్కిన గోనెసంచి వాసన కొట్టింది. వచ్చే నెల మేం ఐర్లండ్‌కు వెళ్ళిపోతున్నాం. దీన్ని ఓడలో పంపాలా, అక్కడే కొత్తది కొనుక్కోవాలా అని నేనూ మా ఆయనా పదిరోజులుగా తర్జనభర్జన పడుతున్నాం. దీని సగం మెట్లు నొక్కినా పలకడం మానేసి చాలా ఏళ్ళయింది గానీ, అక్కడైతే బాగుచేసేవాళ్ళు దొరుకుతారని నా ఆశ. ప్యాకింగ్ మనిషి లోపలికి టార్చి వేసి చూస్తున్నాడు. నేను మాత్రం ఆ వాసన వెంట ధర్మవరంలోని మా ఇంటికి వెళ్ళిపోయాను.

నాయన పట్టుచీరలు నేసేవాడు. పుట్టపర్తిలో చాలా ఏళ్ళు ఉండిపోయిన ఓ విదేశీ ముసలమ్మ ఆయన దగ్గరే చీరలు కొనేది. తన దేశానికి తిరిగి వెళ్ళిపోతూ, ఇంత బరువు మోసుకుపోలేక, ఈ పియానోను మాకు ఇచ్చేసింది. ఎండాకాలంలో కట్టె పగలకుండా లోపల ఓ గిన్నెడు నీళ్ళు పెట్టమని మరీ మరీ చెప్పింది.

గిన్నెడు నీళ్ళతో నాయనకు తృప్తి ఎక్కడిది! వేడిగాలికి పట్టుపోగు పుటుక్కున తెగుతుందని మగ్గం గుంతలో రోజూ నీళ్ళు చల్లే మనిషాయన. గోనెసంచులు తడిపి పియానో అడుగున పరిచాడు. శెనక్కాయ చేలు మాడిపోయి, బోర్లు ఎండిపోయి, ట్యాంకరు వచ్చిందంటే బిందెల వరుసలో ఆడవాళ్ళు జుట్లు పట్టుకునే ఎండాకాలాల్లో, ఉగాదికి ఓళిగలు తిన్న చేతులు ఇంటిల్లిపాదీ ఒక్క చెంబుతో కడుక్కునే రోజుల్లో, బడినుంచి రాగానే ఆ సంచులు తడపడం నా పని.

"మనుషులు గొంతు తడుపుకునేకి లేవు, పెట్టెకు పోస్తాండారు తండ్రీకూతుర్లు!" అని అమ్మ కసిరేది.

"పోగు ఎండితే తెగుతాది. కట్టె ఎండితే పగలదా? నువ్వు పోయ్ పాపా," అనేవాడు నాయన.

పోసేదాన్ని. బడికి తీసుకుపోయిన సీసాలో నీళ్ళు కూడా తాగకుండా మిగిల్చి తెచ్చి, ఎవరూ చూడకుండా పోసేదాన్ని. ఆ తర్వాత అమ్మ పాడే దంపుళ్ళ పాటలు ఒంటివేలితో వెతుక్కుంటూ వాయిస్తుంటే, నాయన మగ్గంలో కూర్చుని నా వాయింపుకు తగ్గట్టు పోగు నడిపే నాడె విసిరేవాడు. ఊరంతా కరువొచ్చినా మా పియానోకు రాలేదని అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు.

"ఏంక్కా, దీంట్లో నీళ్ళేమన్నా నిలిచినాయా?" ప్యాకింగ్ మనిషి టార్చి ఆర్పి లేచాడు. "తీగలంతా తుప్పు పట్టుండాయి. కట్టె చేత్తో పట్టుకుంటే పిండి రాలతాండాది. ఎండకు పగిలినవి చూసినాను గానీ, మన అనంతపురంలో నీళ్ళకు చెడింది ఇదే చూడడం."

ఇంటిల్లిపాదీ నాలుక పిడచగట్టుకుని మిగిల్చిన నీళ్ళతో దీన్ని మేమే చంపుకున్నాం. నాయన పోయి నాలుగేళ్ళు. ఈ మాట వినకుండా పోయాడు, అంతవరకు నయం.

"ఆడికి పోయినాక కొత్తది కొందాంలే," అన్నాడు మా ఆయన మెల్లగా.

తలూపాను. ధర్మవరంలో మా ఇల్లు కూలగొట్టి, మగ్గం గుంత పూడ్చి, మిద్దె కట్టేశారు. ఆ వీధిలో ఇప్పుడన్నీ కరెంటు మగ్గాలే. అమ్మ పాటలు తెలిసినవాళ్ళెవరూ అక్కడ మిగల్లేదు.

పాతసామాన్లు కొనే అతనికి ఫోను చేశాను. ఉన్నదున్నట్టు మోయలేమని, ఇంట్లోనే సుత్తులతో పగలగొట్టి ఇనుము పట్టుకుపోతామని చెప్పాడు.

"రేపు పొద్దున్నే రమ్మంటావాక్కా?" అని అడిగాడు.

మేం విమానం ఎక్కాక రమ్మన్నాను.