వేళ్ళకి మార్కులేసే మాస్టారు

దేవీప్రసాద్ మాస్టారు ప్రాజెక్టుకి మార్కులు వేసేవారు కాదు, పిల్లల వేళ్ళకి వేసేవారు. నాలుగో తరగతి పిల్లలు నెలకో కథల పుస్తకం లైబ్రరీ నుంచి తీసుకుని చదవాలి, అందులోంచి ఏదో ఒకటి బొమ్మగా చేసి తేవాలి. మాస్టారు ఆ బొమ్మని కన్నెత్తి చూసేవారు కాదు. దాన్ని బల్ల మీద ఓ పక్కకి జరిపి, "ముందు చేతులు చాపు" అనేవారు. గోళ్ళలో గమ్ముంటే నాలుగు మార్కులు. చొక్కా మీద స్కెచ్ పెన్ను మరకుంటే మూడు. అరచేతులు జిగటగా ఉంటే మిగతా మూడూ. చేతులు తళతళలాడుతుంటే సున్నా.

అనకాపల్లి బజారులో ఆయన ఎదురైతే పెద్దవాళ్ళు కూడా చేతులు వెనక్కి పెట్టుకునేవారు. పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్న పిల్లల్ని, పప్పన్నం నువ్వు కలుపుకున్నావా, మీ అమ్మ కలిపిందా అని ఆరా తీసేవారట.

తల్లిదండ్రులు మాత్రం తక్కువవాళ్ళా. మోహిత్ వాళ్ళమ్మ లావణ్య, కొనుక్కొచ్చిన కోటబొమ్మని వాడి చేతికిచ్చి, స్కూలు గేటు ముందు వాడి పది వేళ్ళకీ గమ్ము పూసి లోపలికి పంపింది. మాస్టారు మురిసిపోయి, ఇంత కష్టం ఎక్కడ పడ్డావురా అని అడిగారు. "గేటు దగ్గరండి" అన్నాడు వాడు. వాడికీ సున్నాయే. చెరుకు రైతు కొడుకు కిరణ్ మాత్రం గోరువెచ్చని బెల్లం ముద్దని సొంతంగా పిసికి ఏనుగుని తెచ్చాడు. దారిలో చీమలు పట్టాయి. ప్రార్థన అయ్యేలోపు తొండాన్ని స్నేహితులు తినేశారు. అయినా అరచేతులు బల్లకి అతుక్కుపోతున్నాయని వాడికి పదికి పది పడింది.

ఇవన్నీ విని కడుపుబ్బ నవ్వినవాడు నానాజీ. పెళ్ళిళ్ళకి థర్మోకోల్ కోసే పని అతనిది. వధూవరుల పేర్లు, హంసలు, నెమళ్ళు అతను కోస్తే మాడుగుల దాకా పేరు. కూతురు ఇందు నాలుగో తరగతిలోకి వచ్చేదాకా ఆ నవ్వు సాగింది.

ఓరోజు ఇందు పుస్తకం పట్టుకొచ్చింది. కథలో ఏటుందని అడిగాడు. పడవ ఉందంది. ఆ మాట చాలు నానాజీకి. మిగతా కథ వినకుండానే బ్లేడు తీశాడు. మూడు సాయంత్రాలు కూర్చుని సముద్రం కోశాడు, అలలకి నీలం రంగు కొట్టాడు, అడుగున లైట్లు పెట్టాడు, తెరచాప మీద ఇందు పేరు చెక్కాడు. వీధి వీధంతా వచ్చి చూసింది. ఇందు గడప మీద కూర్చుని, తండ్రి మొహమే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు మాస్టారు సముద్రాన్ని పక్కకి జరిపి, చేతులు చాపమన్నారు. సున్నా.

నానాజీకి ఒళ్ళు మండింది. అయిదో తరగతిలో సున్నాలు భరించలేకే బడి మానేసినవాడు అతను. పాతికేళ్ళకి మళ్ళీ బడి నుంచి అదే వచ్చింది. "ఆ సున్నా పిల్లకి కాదు, నాకేసేరు" అని ఇల్లిల్లూ తిరిగి, మాస్టారు మాకొద్దని కాగితం మీద ముప్పై రెండు సంతకాలు పెట్టించాడు. మొదటిది తనదే. నెల తిరక్కుండా యాజమాన్యం మాస్టార్ని మాకవరపాలెంలో ఉన్న చిన్న బ్రాంచికి పంపేసింది.

ఆ తరవాత ప్రాజెక్టులు అద్భుతంగా వచ్చాయి. సగం నానాజీయే చేసేవాడు. ఇందు మాత్రం పుస్తకాలు తేవడం మానేసింది. ఎందుకని అడిగితే, "బొమ్మ నువ్వు సేసేత్తావు కదా నాన్నా, ఇంక సదవడం దేనికి" అంది మామూలుగా.

ఇందు అయిదో తరగతికి వచ్చింది. వార్షికోత్సవానికి స్టేజీ కట్టడానికి పిలిచారని నానాజీ స్కూలుకి వెళ్ళాడు. పాత సామాను గదిలో నిచ్చెన కోసం వెతుకుతుంటే ఓ చెక్క బీరువా కనిపించింది. తలుపు తీస్తే, సున్నా వచ్చిన బొమ్మలన్నీ దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవర్లలో వరసగా ఉన్నాయి. ఒక్కోదానికి మాస్టారి చేతిరాతతో ఓ చీటీ.

"అమ్మమ్మ తలుపులమ్మ గారు. గుడ్డబొమ్మకి ప్రాణం ఉంది. పదికి పది." "తల్లి లావణ్య గారు. గమ్ము సమంగా పూశారు. మూడు." నానాజీ నవ్వుతూనే కింది అరలోకి వంగాడు. అక్కడ అతని సముద్రం ఉంది.

"తండ్రి నానాజీ. పనితనం పదికి పది. కాని కథ వినలేదు. ఇందుకి కథంతా వచ్చు."

పుట్టి బుద్ధెరిగాక బడిలో అతనికి పడిన మొదటి పది అది. వేసినాయన్ని ఊరి నుంచి పంపేసింది తనే. నిచ్చెన సంగతి మరిచిపోయి, ఆ చీటీని మళ్ళీ మొదట్నుంచీ కూడబలుక్కుని చదివాడు.

ఇంటికొచ్చి, ఆ పడవ కథేటో చెప్పమని ఇందుని అడిగాడు. ఆ పడవ సముద్రంలోకే వెళ్ళదట. అడుగున చిల్లు. ఒడ్డున ఇసకలో బోర్లా పడి ఉంటే, కోళ్ళు దాని కింద గుడ్లు పెట్టుకుంటాయట. తెరచాపే లేదు.

"మరి నాకెందుకు సెప్పలేదమ్మా?"

"నువ్వు సంబరంగా సేత్తన్నావు కదా నాన్నా" అంది ఇందు.

శనివారం కూతుర్ని తీసుకుని మాకవరపాలెం బస్సెక్కాడు. మాస్టారు వరండాలో పిల్లల వేళ్ళు చూస్తున్నారు. నానాజీ తలొంచుకుని నిలబడ్డాడు.

"ఆ సంతకాలు నానే పెట్టించేను మాస్టారూ. తప్పైపోయింది."

"తెలుసు. మొదటి సంతకం పెళ్ళి బోర్డంత ఉంది" అన్నారు మాస్టారు.

మళ్ళీ ఇల్లిల్లూ తిరుగుతానని, ముప్పై రెండు కాదు అరవై నాలుగు పెట్టించి వెనక్కి తీసుకెళ్తానని నానాజీ అన్నాడు. మాస్టారు తల అడ్డంగా ఊపారు. ఇక్కడి పిల్లలు ఇప్పుడే పుస్తకాలు మొదలెట్టారు, మధ్యలో వదిలేసి రానన్నారు. ఇందుకి వేసిన సున్నా కూడా తీసేది లేదన్నారు. పోయిన ఏడాది ఎలాగూ తిరిగి రాదని నానాజీకీ తెలుసు, మళ్ళీ అడగలేదు.

మాస్టారు లోపలికి వెళ్ళి, అట్ట చిరిగిన సన్నని కథల పుస్తకం ఒకటి తెచ్చి నానాజీ చేతిలో పెట్టారు.

"నెలాఖరుకి చదివి, ఏదో ఒకటి చేసి పట్టుకురా. ఇందు సాయం పట్టకూడదు."

తిరుగు బస్సులో నానాజీ మొదటి పేజీ తీసి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవసాగాడు. మూడో వరసలో ఓ మాట దగ్గర ఆగిపోయాడు. ఇందు పక్కనుంచి అందివ్వబోయింది. నానాజీ పుస్తకాన్ని కిటికీ వైపు తిప్పేసుకున్నాడు.