తిరుపతి అని చెప్పి సముద్రానికి

మాది కడప జిల్లా. ఎండాకాలం బావిలోకి బొక్కెన వదిలితే అడుగున రాయికి తగిలి ఖంగుమనే ఊరు. పెళ్లయి తార్నాక వచ్చిన కొత్తలో కుళాయి కింద బిందె పెట్టి "రోజూ వస్తాయా నీళ్లు?" అని అడిగితే మా ఆయన పడీపడీ నవ్వాడు. అలాంటి మమ్మల్ని పట్టుకుని తెలంగాణ ఉద్యమం రోజుల్లో "మీకేంది మేడమ్, సముద్రం ఉన్నోళ్లు" అనేవాళ్లు యూనివర్సిటీ క్యాంపస్ పిల్లలు. నేనక్కడ లైబ్రరీలో పనిచేసేదాన్ని. నాయనా, నేను సముద్రాన్ని క్యాలెండర్ మీద తప్ప చూడలేదంటే ఒక్కడూ నమ్మలేదు. ఇక్కడివాళ్ల లెక్కలో మేం ఆంధ్రోళ్లం, కోస్తావాళ్ల లెక్కలో కరువు జనం. ఎవరూ మమ్మల్ని మేమెవరమని అడగరు, వాళ్లే చెప్పేస్తారు. నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడాదే మా అమ్మాయి సముద్రం చూడాలని పట్టుబట్టింది. ఇంటర్ పరీక్షలు వాయిదా మీద వాయిదా పడి ఎలాగో అయిపోయాయి. క్యాంపస్ దారిలో ఎటు చూసినా ముళ్లకంచెలు, పోలీసు వ్యాన్లు. టియర్ గ్యాస్ ఘాటు నా చీర కొంగు పట్టుకుని ఇంటిదాకా వచ్చేది. వీధిలో స్కూటర్ సైలెన్సర్ పేలినా పిల్ల ఉలిక్కిపడి కిటికీ మూసేది. "కొన్ని రోజులు ఏ లొల్లీ లేని దగ్గర కూసుందామమ్మా" అంది. లొల్లి లేని చోటంటే సముద్రమే దొరికిందా, అది రాత్రింబవళ్లు అరుస్తూనే ఉంటుందట కదే అని వేళాకోళం చేశాను గానీ, దాని మొహం చూసి కాదనలేకపోయాను.

లైబ్రరీ నుంచి పాత కట్టడాల పుస్తకాలు మోసుకొచ్చాను. భోజనాల బల్ల మీద మ్యాప్ పరిచి అమ్మాయి పెన్సిలుతో సున్నాలు చుట్టింది. విశాఖ దగ్గర భీమిలిలో బస. అక్కడ తీరం, లైట్‌హౌస్, ఎప్పటివో డచ్చివాళ్ల సమాధులు. ఒకరోజు తొట్లకొండ, బావికొండ మీద బౌద్ధుల ఆరామాలు. కొండ దిగితే జాలర్ల పల్లె. మధ్యాహ్నాలు నిద్ర తప్ప మరో పని పెట్టుకోకూడదని షరతు. అంత నిదానమైన విహారానికి మేం వేసుకున్న పథకమంతా తలుపులు బిగించుకుని, గుసగుసల్లో. దొంగతనానికి వెళ్లేవాళ్లు కూడా మాకన్నా ధైర్యంగా మాట్లాడుకుంటారు.

ఎందుకంటే ఆ రోజుల్లో లాలాపేట్ వైపున్న మా గల్లీలో తరచూ ఏదో ఒక అపార్ట్‌మెంట్ ముందు లారీ ఆగేది. బీరువాలు, మంచాలు ఎక్కేవి. పిల్లల చదువు కోసం విజయవాడ పోతున్నామనో, అమ్మకు బాగాలేదనో చెప్పేవాళ్లు. మళ్లీ ఎవరూ రాలేదు. మెట్ల మీద ఎవరి చేతిలో సూట్‌కేసు కనబడినా అందరి కళ్లూ అదే ప్రశ్న అడిగేవి. అందుకే మా ఆయన ఇంట్లో విశాఖ అన్న మాటే నిషేధించాడు. "ఆ పేరు బయటికి పోయిందంటే మనం ఇల్లు ఖాళీ చేసినట్లే. తిరిగొచ్చేలోగా ఊరంతా అదే చెప్పుకుంటారు" అనేవాడు. నాకు కోపం వచ్చేది. కానీ భయం నాకూ ఉంది. ఆటోలో కూర్చున్నప్పుడు నేనూ నోరు విప్పేదాన్ని కాదు, యాస పట్టేస్తారని.

ఎదురింట్లో అక్క ఉండేది. జనగామ వైపు మనిషి. భర్త పోయాక సర్కారు బడిలో టీచరుగా చేరి ఒక్కగానొక్క కొడుకును పెంచుకుంది. మా అమ్మాయి నడక నేర్చింది ఆమె గడపకూ మా గడపకూ మధ్యనే. ఆ అబ్బాయి క్యాంపస్‌లో ఎమ్మే చదువుతూ ఉద్యమంలోకి వెళ్లాడు. ఊరేగింపులో పోలీసులు పట్టుకుపోయి కేసులు పెట్టారు. బెయిల్ రావడం లేదు. అప్పట్నుంచీ ఆమె తలుపు పగలంతా తెరిచే ఉండేది. నేను ఆ తలుపు ముందు నుంచి తల దించుకుని వెళ్లేదాన్ని. వాడిని పట్టుకుపోయింది నేను కాదు, అయినా ఎందుకో తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

జిప్పు బాగు చేయించిన సూట్‌కేసు పట్టుకుని మా ఆయన మెట్లెక్కుతుంటే కూరగాయల సంచితో ఆమె ఎదురైంది. ఆమె కళ్లు సూట్‌కేసు మీద ఆగాయి.

"ఊరికా అన్నా?"

"తిరుపతికి పోతాండామక్కా" అనేశాడు మా ఆయన.

ఇంట్లోకి వచ్చాక చేతిలో ఉన్న గిన్నె దడాలున కింద పెట్టాను. "అబద్ధం చెప్పడానికి మీకు ఆ దేవుడే దొరికాడా?"

"కడపోడు ఇంకెక్కడికి పోతాడని చెప్పాల?" అన్నాడు.

తిరుపతి అంటే ఊరుకుంటారా ఎవరైనా? మర్నాటికల్లా మూడో అంతస్తు ఆవిడ పెద్ద లడ్డు కావాలంది. కింది ఇంటివాళ్లు పిల్లలకు నల్లతాళ్లు తెమ్మన్నారు. అన్నిటికీ తలూపాను, అవి ఇక్కడైనా ఎలాగో సంపాదించొచ్చు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ. ఆ సాయంత్రం అక్క వచ్చింది. కొంగులోంచి పసుపు గుడ్డ మూట తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు తనే మూసింది.

"పిలగాని ముడుపు చెల్లె. హుండీల నీ చేతుల్తోని ఎయ్యాలె."

"మొక్కు తీరాక కదా అక్కా వేస్తారు?"

"అసలు పద్ధతి గదే. వాడొచ్చినంక తల్లీకొడుకులం పోయి ఎయ్యాలె. గాని నాకు ఆగబుద్ధయితలేదు."

"మీ ఇంటి దేవుడు గుట్ట నరసింహస్వామి కదా..."

"ఆయనకు చెప్పిన. ఈయనకు గూడ చెప్తున్న. తప్పేమున్నది?" అని గడప దాటబోయి ఆగింది. "ప్రసాదం తెచ్చి నువ్వే నా చేతుల పెట్టాలె. ఇంకెవ్వరితోని పంపకు."

మూట దేవుడి గూట్లో పెట్టాను. ఆ రాత్రి ఇంట్లో అన్నం సరిగ్గా ఎవరూ తినలేదు. "దేవుడు యాడికీ పోడు, దసరాకు ఊరికి పోయినప్పుడు వేద్దాంలే" అన్నాడు మా ఆయన. "విశాఖల గూడ బాలాజీ గుడి ఉంటది గదమ్మా, ఆడ ఏస్తే ఏమైతది?" అంది అమ్మాయి. ఇద్దర్నీ కలిపి దులిపేశాను. ఆమె కొడుకు జైల్లో ఉంటే, వాడి ముడుపు సూట్‌కేసులో పెట్టుకుని మనం ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చుంటామా, నేను రాను, మీరిద్దరూ వెళ్లండి అన్నాను. అమ్మాయి మ్యాప్ మడిచి పుస్తకాల కింద పెట్టి గోడ వైపు తిరిగి పడుకుంది. అటు ఆ తల్లి, ఇటు నా పిల్ల. ఎవరికి అన్యాయం చెయ్యాలో తేల్చుకోలేకపోయాను.

నిజం చెప్పేయాలనే అనుకున్నాను. మర్నాడు లైబ్రరీ నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా వాళ్లింటికి వెళ్లాను. అక్క మంచం మీద కూర్చుని కొడుకు చొక్కాలు మడత పెడుతోంది. వేసుకునే మనిషి లేకపోయినా ఉతికి, ఇస్త్రీ చేసింది.

"బెయిల్ మళ్ల వాయిదా పడ్డదట చెల్లె" అంది నన్ను చూడగానే.

అప్పుడు సముద్రం మాట ఎలా ఎత్తను? ఆమె పక్కన కూర్చుని నేనూ ఒక చొక్కా మడిచాను. చీకటి పడుతుంటే లేచి వచ్చేశాను. మా ఆయన "చెప్పినావా?" అనడిగితే వంటింట్లోకి వెళ్లి బియ్యం కడిగాను.

రానన్న నేనే చివరికి పిల్ల కోసం బట్టలు సర్దుకున్నాను. ప్రయాణం రోజు మధ్యాహ్నానికే తార్నాక చౌరస్తాలో రాస్తారోకో. నల్లటి పొగ మా డాబా మీదికి కనబడుతోంది. ఆటోవాడు లోపలి గల్లీల నుంచి తీసుకుపోతానన్నాడు. సామాను సర్దుతుంటే అక్క కిందికి వచ్చింది. "గల్లీ చివరిదాంక వస్త, జరుగు" అని నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. ముడుపు నా బ్యాగులో ఉంది. బ్యాగు నా ఒళ్లో ఉంది. ఆమె మోచెయ్యి దానికి ఆనుతుంటే బ్యాగును ఇంకాస్త నా వైపు లాక్కున్నాను.

గల్లీ చివర రాళ్లు అడ్డం పెట్టి ఉన్నాయి. కర్రలు, జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు ఆటోను చుట్టుముట్టారు. ఒకడు వంగి సూట్‌కేసుల్ని, మమ్మల్ని మార్చి మార్చి చూశాడు.

"ఏడికి పోతున్నరు? ఖాళీ చేస్తున్నరా?"

మా ఆయన పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. వస్తే కడప యాసే వస్తుంది. అమ్మాయి నా మణికట్టును గోళ్లు దిగేలా పట్టుకుంది. నేను దేవుణ్ణి తలచుకుందామనుకున్నాను, ఏ మొహం పెట్టుకుని తలచుకోను?

అక్క ఆటో దిగింది. "తిరుపతి పోతున్నరు బిడ్డా. నా కొడుకు ముడుపు వీళ్లతానే ఉన్నది. జరుగుండ్రి."

ఆమె ఎవరి తల్లో వాళ్లకు తెలుసు. కర్ర పట్టుకున్నవాడు దాన్ని వెనక్కి దాచుకున్నాడు. "అన్న ముడుపా అమ్మా?" అన్నాడు. నలుగురూ కలిసి రాళ్లు పక్కకు దొర్లించారు. వాడే మళ్లీ నా వైపు వంగి, "ఆంటీ, మా తరపున గూడ మొక్కున్రి. అన్న రావాలె, తెలంగాణ రావాలె" అన్నాడు. మా పిల్లకన్నా రెండేళ్లు పెద్దవాడేమో. పొగకు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. మొక్కుతానన్నాను.

అక్క ఆటోలోకి తల పెట్టి, నా కొంగు చక్రంలో పడకుండా లోపలికి సర్దింది. గొంతు తగ్గించి అంది.

"మీ పిల్ల భీమిలి, భీమిలి అనుకుంట మెట్లు దిగుతది. నాకు తెల్వదా?"

ఆమె చెయ్యి పట్టుకున్నాను. "అక్కా..."

"సముద్రం చూడుండ్రి. ముడుపు ఎప్పుడన్న ఎయ్యొచ్చు. ముడుపు పట్టుకపోయినోళ్లు ప్రసాదం ఇయ్యనీకన్న వాపస్ రావాలె గదా, అందుకని నీ చేతుల పెట్టిన. వాడేమో లోపట ఉండె. మీరు గూడ పోయి రాకపోతే నేను ఎవలతోని మాట్లాడాలె?"

ఆటో కదిలింది. మెట్టుగూడ దాకా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అబద్ధం ఆడినందుకు కాదు. మేం వెళ్లిపోతామేమోనని ఈ ఊళ్లో ఒక మనిషి భయపడిందని.

రైల్వే క్వార్టర్లు దాటుతుండగా మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "విశాఖ నుంచి తిరుపతికి బండి ఉంటాది. స్టేషన్లో కనుక్కుందాం" అన్నాడు. మా అమ్మాయి సరేనని తలూపింది.