చుట్ల బండ కింద నిర్మల

బత్తలపల్లి దాటి ముదిగుబ్బ రోడ్డులో పోతుంటే ఎడమ పక్క ఒక బండల పాలిష్ యూనిట్ కనబడుతుంది. బస్సులో పోయేవాళ్లకు తెల్లటి బురద, పేర్చిన బండలు, రేకుల షెడ్డు తప్ప మరేమీ తెలియదు. ఆ షెడ్డులో డేవిడ్ అనే మనిషి పెళ్లికి ముందు నుంచీ రాయి కోస్తున్నాడు. ఇటువంటి మనిషి గురించి ఎవరూ రాయరు. జీవితచరిత్రలు రాయించుకునేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు నడిచే నేలకు బండ కోసినవాడి పేరు వాళ్లకు అక్కరలేదు. నేను ఆ యూనిట్‌లో ట్రాక్టర్ తోలుతాను. నాకు తెలిసింది రాస్తున్నాను.

మాకు రాయి తూర్పు నుంచి, కడప జిల్లా కొండల దిక్కు నుంచి వస్తుంది. బూడిదరంగు సున్నపురాయి. అప్పుడప్పుడు అందులో ఒక రకం దిమ్మె తగులుతుంది. కోస్తే లోపల ఒకదాని చుట్టూ ఒకటి గుండ్రటి గీతలుంటాయి. దాన్ని చుట్ల బండ అంటాం. ఎవరూ కొనరు. పెచ్చులు లేస్తుందని పైకి చెప్తారు గానీ అసలు సంగతి వేరు. పాలిష్ పట్టి నీళ్లు పోస్తే ఆ గీతలు పాము చుట్ట చుట్టుకుని పడుకున్నట్టు తేలతాయి. నాగమయ్యను ఇంట్లో పరుచుకుని తొక్కేదెట్లా? అందుకే చుట్ల బండకు మా యూనిట్‌లో ఎవరూ పాలిష్ పట్టరు. షెడ్డు వెనక పారేస్తారు.

నిర్మల డేవిడ్ భార్య. కోత మెషిన్ కింద రాయికి నీళ్లు పట్టే పని ఆమెది. ఆ రొదలో మాటలు వినబడవు. డేవిడ్ ఎడమ చేయి కొంచెం ఎత్తితే ఆమె నీళ్లు ఎక్కువ చేసేది, దించితే తగ్గించేది. వాళ్లకు పిల్లలు లేరు. మధ్యాహ్నం ఇద్దరూ షెడ్డు వెనక ఆ పారేసిన బండల మీదే కూర్చుని సంగటి తినేవాళ్లు.

"ఇంత బాగుండాదే, ఎందుకబ్బా దీన్ని పారేస్తారు?" అని ఒకసారి ఆమె నన్నడిగింది.

నేను డిగ్రీ సగంలో వదిలేశాను. చదవడం మాత్రం వదల్లేదు. ధర్మవరం లైబ్రరీలో కొంత, ఫోన్‌లో కొంత వెతికి, తెలిసింది ఆమెకు చెప్పాను. ఆ కొండలున్న చోట ఒకప్పుడు లోతులేని సముద్రం ఉండేది. దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ల కిందటి మాట. అప్పటికి చేప లేదు, నత్త లేదు, గడ్డిపోచ లేదు. నీళ్ల అడుగున నాచులాంటి సూక్ష్మజీవులు జిగురు చాపలాగా పరుచుకునేవి. అల తెచ్చిన సన్నటి మట్టి ఆ జిగురుకు అంటుకునేది. మట్టి కప్పేస్తే వెలుతురు అందదు కాబట్టి నాచు ఆ పొరను దాటి పైకి పాకి ఇంకో చాప పరిచేది. కింది పొర గట్టిపడి రాయయ్యేది. అట్లా పొర మీద పొర లేచి, బోర్లించిన గంపల్లాంటి గోపురాలై, అవన్నీ కలిసి తీరం పొడుగునా దిబ్బలయ్యాయి. గంపను అడ్డంగా కోస్తే కనబడేవే ఈ చుట్లు. మనం పీల్చే ప్రాణవాయువును మొదట గాలిలోకి వదిలినవి అటువంటి జీవులే. వాటిని మేసేవి లేనంతకాలం సముద్రపు ఒడ్లన్నీ వాటివే. నత్తలూ పురుగులూ పుట్టి మేయడం మొదలయ్యాక సన్నగిల్లిపోయాయి. ఇప్పటికీ కొన్ని చోట్ల బతికే ఉన్నాయి. నీళ్లలో ఉప్పు మరీ ఎక్కువై, మేసే జీవులు రాలేని సముద్రపు మూలల్లో.

నిర్మల తినడం ఆపి విన్నది. "ఎవరూ రాని తావునే బతుకుతాదా అది? పాపం" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, "నేను పోతే నాకీ రాయే ఎయ్యి. నాచుకు నీళ్లు పట్టుకుంటా పడుంటా" అంది.

"నోరు మూసుకోని తిను" అన్నాడు డేవిడ్.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. అది తగ్గలేదు. ఆమె చనిపోయింది.

ఊరి చివర, రోడ్డును ఆనుకుని డేవిడ్‌కు కొంచెం చేను ఉంది. ఆ గట్టున వేపచెట్టు కింద ఆమెను పూడ్చారు. యూనిట్‌లో ఆమె నిలబడే చోట ఓనరు రంగనాథ్ ఒక పైపు బిగించి కొళాయి పెట్టించాడు. కొళాయికి సైగ అక్కర్లేదు. అయినా కోత నడుస్తుంటే డేవిడ్ ఎడమ చేయి ఇప్పటికీ కొంచెం లేస్తుంది. లేచిన చేత్తో ముఖం తుడుచుకుంటాడు.

సమాధికి అతను చుట్ల బండే ఎంచుకున్నాడు. "కావాలంటే తీసుకో గానీ దానికి పాలిష్ పట్టొద్దప్పా" అని ఓనరు చెప్పాడు. డేవిడ్ వినలేదు. సెలవు రోజుల్లో ఒక్కడే కూర్చుని అద్దంలా పాలిష్ పట్టాడు. బూడిదరంగులో నల్లటి చుట్లు తేలాయి. ఒక మూల చిన్న సిలువ, దాని కింద ఆమె పేరు చెక్కించాడు. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి బిందెడు నీళ్లతో బండ కడిగి, పొద్దు వాలేదాకా దాని పక్కన కూర్చునేవాడు. వారం మొత్తంలో అతను మనిషిగా ఉండే పూట అదొక్కటే.

నాగులచవితి వచ్చింది. ఊరి ఆడవాళ్లు పాలు పోసే పుట్ట రోడ్డుకు అవతల ఉండేది. ప్లాట్లు వేసినవాళ్లు జేసీబీతో దాన్ని చదును చేసి, నెంబర్లు రాసిన రాళ్లు పాతారు. పాల చెంబులు పట్టుకుని ఆడవాళ్లు రోడ్డు మీద దిక్కు తోచక నిలబడ్డారు. ఆ రోజు ఆదివారం. డేవిడ్ అప్పుడే బండ కడిగి, ఇంకో బిందె నీళ్ల కోసం పోయాడు. వేపచెట్టు కింద, తడి బండ మీద చుట్ట చుట్టుకున్న పాము, ఆ ఆడవాళ్లలో ముందు నిలబడ్డ పాపమ్మ కంట్లో పడింది.

అతను తిరిగొచ్చేసరికి బండ నిండా పాలు, పసుపు, కుంకుమ, కోడిగుడ్లు. పేరు పసుపు కింద పోయింది. అతను కడిగాడు. శుక్రవారానికి మళ్లీ పూశారు. అతను కడిగేకొద్దీ బండ మెరిసింది, మెరిసేకొద్దీ జనం పెరిగారు. ఆటోవాళ్లు "నాగమ్మ బండ కాడ దిగేటోళ్లు ఉండారా?" అని అరవడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం అతను గట్టెక్కబోతే ఎవరో కొత్తామె "చెప్పులిడిసి రాప్పా, తెలీదా?" అని కసిరింది.

ఆ రోజు నేనూ వెంట ఉన్నాను. డేవిడ్ చెప్పులు విడవలేదు. నేరుగా పాపమ్మ దగ్గరికి పోయాడు.

"పాపమ్మక్కా, ఇది పాము కాదు. సముద్రంలో నాచు. రాయైపోయింది. ఈ పిల్లోడు సదివినాడు."

"సముద్రమా? ఈడ తాగేదానికే నీళ్లు ల్యా, సముద్రం యాడ్నుంచి వచ్చిందప్పా?"

ఆడవాళ్లు నవ్వారు. నేను రెండు వందల కోట్ల ఏళ్లని మొదలుపెట్టాను.

"నువ్వు చూసినావా అబ్బా?" అంది ఒక అవ్వ. "వీడి ట్రాక్టరు ఎప్పుడు వస్తాదో వీడికే తెలీదు, కోట్లు చెప్తాండాడు!"

నాకు మండిపోయింది. నా చదువుకు ఈ ఊళ్లో ఉన్న విలువ అంతే.

పాపమ్మ మాత్రం నవ్వలేదు. "నాగమ్మ కాకుంటే మీ నిర్మలే అనుకోప్పా. మంచి మనిషి. అందుకే ఎలిసింది."

డేవిడ్ గొంతు పెద్దది చేయలేదు. "ఆయమ్మి మీ ఇంట్లో శెనక్కాయలు వలిచేదానికి వచ్చి నీళ్లడిగితే, దోసిట్లో పైనుంచి పోసినావు. చెంబు అంటనీలేదు. ఇప్పుడు చెంబెడు పాలు పోస్తాండావు."

పాపమ్మ కొంగు సర్దుకుంది. "అప్పుడు మా అత్త బతికుండె" అంది. చేతిలోని చెంబు చూసుకుంటూ, "ఇప్పుడు పోస్తాండా కదప్పా" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. డేవిడ్ గట్టు దిగి రోడ్డు మీదికి నడిచాడు.

బోర్డు పెడదామన్నాను. పోలీసులకు చెబుదామన్నాను. రెండూ వద్దన్నాడు. మరుసటి వారం పొద్దున్నే ట్రాక్టర్, గడ్డపారలు తెమ్మన్నాడు. బండకు మొహం ఒకవైపు, వీపు ఒకవైపు ఉంటుంది. వీపుకు పాలిష్ ఉండదు. దుమ్ముపట్టిన రాయిలా ఉంటుంది. అతను పసుపంతా కడిగి, టవలుతో తుడిచి, కాసేపు అరచేయి ఆనించి ఉంచాడు. తర్వాత ఇద్దరం గడ్డపారలతో బండను లేపి బోర్లించాం. మొహం మట్టిలోకి పోయింది.

"పేరు కూడా కిందికి పోయె కదన్నా" అన్నాను.

"సదివేటోణ్ని నేనొక్కణ్నే. నాకు చూడకుండానే వస్తాది."

నాగమ్మ అలిగి పోయిందన్నారు ఊళ్లో. ఆటోలు ఆగడం మానేశాయి. తర్వాతి ఆదివారం డేవిడ్ ఆ బోడి బండ పక్కన కూర్చుని ఉంటే, బస్సు దిగి ఒక ఆమె గట్టు దాకా వచ్చింది. చేతిలో పాల సీసా.

"ఏమప్పా, నాగమ్మ బండ ఈడే కదా? అమరాపురం నుంచి వస్తాండా. బిడ్డకు కడుపు నిలబడ్ల్యా."

డేవిడ్ లేచి నిలబడ్డాడు. "ఈడ నాగమ్మ ల్యా తల్లీ."

"మరి ఈ బండ? దీని కింద ఎవరన్నా ఉండారా?"

అతను వంగి బండ మీద రాలిన వేపాకులు చేత్తో తుడిచాడు. "ఎవరూ లేరమ్మా" అన్నాడు. "ఉత్త బండ."

ఆమె సీసా కొంగులో చుట్టుకుని వెనక్కి తిరిగింది. ఆమెకు బస్సు దొరికేదాకా అతను కూడా పోయి రోడ్డు మీద నిలబడ్డాడు. బస్సు పోయాక, పొద్దు ఇంకా వాలకపోయినా, చేనులోకి తిరిగి రాలేదు. అట్లాగే ఊరి వైపు నడిచి వెళ్లిపోయాడు.