హిద్ యార్డులో గూడ్సు బండి

లోకంలో నాకు తెలియనిదంటూ ఏమీ లేదని నేను గట్టిగా నమ్మిన కాలం ఒకటుంది. ఇరవై నాలుగేళ్ళ వయసు, విశాఖపట్నంలో చదివిన డిప్లొమా, బహ్రెయిన్‌లో ఉద్యోగం. ఇంకేం కావాలి? హిద్‌లో సముద్రం ఒడ్డునున్న ఓ ఓడల మరమ్మతు యార్డులో సేఫ్టీ ఆఫీసు గుమాస్తాని. (ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం 'సేఫ్టీ ఆఫీసర్ని'.) ఈ దీవిలో రైలు లేదు గానీ మా యార్డులో పట్టాలుండేవి. వాటి మీద నాలుగంతస్తుల ఎత్తు క్రేను ఒకటి అటూ ఇటూ నడిచేది. దాని ముందు ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని దారి చూపే మనిషిని నేను 'గేటు బాబాయి' అనేవాణ్ణి.

బాబాయిదీ మా ఊరే. విశాఖ రేవుకు వెళ్ళే లైను మీద చాలా ఏళ్ళు గేట్‌మన్‌గా చేసి, కూతురి నర్సింగు చదువు కోసం ముందే రిటైరై ఇక్కడికొచ్చాడు. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆ రేవు రైళ్ళ చరిత్రంతా చెప్పేవాడు. "ముందు కోస్తా లైనొచ్చింది బాబూ. తరవాత రాయపూరు కాణ్ణుంచి కొండల్లోంచి మాంగనీసు దిగింది. ఆ తరవాత సొరంగాల్లోంచి ఇనప రాయి. బండ్లొచ్చాకే మన రేవు బతికింది," అని కాస్త ఆగి, గొంతు తగ్గించేవాడు. "ఒక బండుంది. సొరంగాలు తవ్వినప్పుడు పోయినోళ్ళది. దానికి టైమూ ఉండదు, గేటెయ్యమని ఫోనూ రాదు. పట్టా మీద సెయ్యేస్తే తెలుస్తాది." నేను నవ్వి ఇంకో ముద్ద కలుపుకునేవాణ్ణి. ఆయన మాత్రం రోజూ క్రేను కదిలే ముందు వంగి, పట్టా మీద అరచెయ్యి ఆన్చి, అప్పుడే పచ్చజెండా ఊపేవాడు.

ఓ చలికాలపు ఉదయం పొగమంచు ఎంతగా పట్టిందంటే, క్రేను కాళ్ళు కనిపిస్తున్నాయి గానీ పైభాగం లేదు. బాబాయి పట్టా మీద చెయ్యి పెట్టాడు. తియ్యలేదు. మెల్లగా లేచి ఎర్రజెండా చాపి పట్టాలకి అడ్డంగా నిలబడ్డాడు.

"బండొత్తంది. గేటేసీసేను," అన్నాడు.

ఫోర్‌మన్ మంచులోంచి పరుగెత్తుకొచ్చాడు. "కౌన్సీ గాడీ, భాయ్? యే బహ్రెయిన్ హై! యల్లా, యల్లా!" అని, ఇక్కడ బండేమిటి, త్వరగా జరుగు అన్నట్టు అరిచాడు. బాబాయి కదల్లేదు. పావుగంట అలాగే గడిచింది. పక్కనే ఉన్న నాకు ఏమీ వినిపించలేదు, కానీ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. (చలికే అని అప్పుడు సర్దిచెప్పుకున్నాను.) చివరికి బాబాయి పక్కకి జరిగి పచ్చజెండా ఊపాడు. మంచు విడిపోయాక చూస్తే పట్టాల మీద మా క్రేను తప్ప ఏమీ లేదు.

"చెవుల్లో రైళ్ళు తిరిగే మనిషిని క్రేను ముందు పెట్టలేం. ఇంటికి పంపించెయ్యండి," అని ఫోర్‌మన్ రాసిచ్చిన ఫిర్యాదు నా బల్ల మీదికే వచ్చింది. కూతురి చదువు ఇంకో ఏడాది ఉంది. పక్కనున్న సాక్షిని నేనే; సాక్షి ఏమన్నాడో రాయాల్సిన చోట నా పెన్ను ఆగిపోయింది. నాకు జాలేసింది, భయమూ వేసింది. రెండూ కలిసి నా చేత ఇలా రాయించాయి: 'రైలు కూత నాకు కూడా వినిపించింది.'

మేనేజరు కళ్ళద్దాలు పెట్టుకుని ఒకటికి రెండుసార్లు చదివి, ఇద్దరినీ చెవుల పరీక్షకి సల్మానియాలో ఓ క్లినిక్కి పంపించాడు.

బాబాయి పరీక్ష పది నిమిషాల్లో అయిపోయింది. తరవాత నన్ను బయటి చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. తలుపు పడింది. నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. కాసేపటికి దూరంగా ఓ కూత. బటన్ నొక్కాను. తరవాత బరువుగా, తాపీగా చక్రాలు. ఒక్కో పెట్టెకీ ఒక్కోసారి నొక్కుతూ పోయాను. పరీక్ష అంటే ఇదే కాబోలనుకుని శ్రద్ధగా లెక్క కూడా పెట్టాను. నలభై దాటాక తలుపు తెరుచుకుంది. పరీక్ష చేసే అమ్మాయి నా ముఖంలోకి వింతగా చూసింది.

"సార్, మెషీన్ ఇంకా ఆన్ చెయ్యనే లేదు."

ఆ తరవాత జరిగిన అసలు పరీక్షలో నేను అన్నిటికీ తప్పే నొక్కాను.

రిపోర్టులు చూసి మేనేజరు తేల్చేశాడు: పెద్దాయన చెవులు బంగారం, లేని శబ్దాలు వింటున్నది కుర్రాడే, వీడేదో విన్నానంటే పాపం ఆయన నమ్మి క్రేను ఆపాడు. బాబాయి జెండాలు బాబాయికే ఉన్నాయి. నన్ను మాత్రం బోల్టులూ వాషర్లూ ఉండే స్టోరుకి మార్చారు. ఎంత తేలికపడ్డానో చెప్పలేను. కూతురికి ఉద్యోగం వచ్చేదాకా ఆయన ఆ క్రేను ముందే నడిచాడు.

క్లినిక్ నుంచి తిరిగొస్తూ వ్యానులో ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"గార్డు పెట్టె దాటిందా?"

"లేదు బాబాయ్. నలభై పెట్టెలయ్యాక తలుపు తీసేశారు."

"ఆఖరి పెట్టె సూడకుండా గేటొదిలీసేవా? ఏటి గుంటడివిరా నువ్వు!"

వ్యాను అద్దంలో నా మొహం చూసుకున్నాను. గేట్‌మన్ ఉద్యోగం పోగొట్టుకున్నవాడి మొహంలా ఉంది. అన్నీ తెలుసనుకున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది. వాడు రాసిన అబద్ధాన్ని ఎవరో నిజం చేసి పెట్టారు. వాడు మాత్రం "సారీ బాబాయ్, ఇంకోసారి సరిగ్గా చూస్తాను," అని చాలా సీరియస్‌గా మాటిచ్చాడు.