మా పెంచలయ్యకు దొరికిన అద్దాల పెట్టె

జయమ్మ కూతురు నా జడకుచ్చుల వెంట కళ్ళు తిప్పిన రోజున నాకు మొదటిసారి భయం వేసింది. పదేళ్ళ కిందటి సంగతి. మా వసారాలో ఇద్దరు బిడ్డలనూ ఒకే చాపమీద పడుకోబెట్టాము. నేను వంగితే కుచ్చులు ఊగాయి. వసంత వాటినే చూస్తూ నవ్వింది. పక్కనున్న మా పెంచలయ్య కళ్ళు మాత్రం ఎటో తిరుగుతున్నాయి. కుచ్చులు వాడి ముక్కు దగ్గరికి తెచ్చి ఊపాను. రెప్ప వేయలేదు. జయమ్మ కూతురిని ఎత్తుకుని పైటచాటు చేసుకుంది. అది నాకు ముల్లులా గుచ్చుకుంది.

మాది బుచ్చిరెడ్డిపాలెం, వరి సేద్యం. జయమ్మ భర్తకు బిట్రగుంటలో రైల్వే ఉద్యోగం. మద్రాసులో ఒక నర్సింగ్ హోములో మాకు పరిచయం. ఇద్దరికీ ఏడో నెలలోనే కాన్పులయ్యాయి. అక్కడ ఇంక్యుబేటర్ అనే అద్దాల పెట్టె ఒక్కటే ఉండేది. మావాడు నీలంగా మారుతున్నాడని వాణ్ణి అందులో పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. వసంతను దూదిలో చుట్టి వేడినీళ్ళ సీసాల మధ్య ఉంచారు. ఆ రోజుల్లో నేను జయమ్మను చూసి జాలిపడేదాన్ని.

చూపు సంగతి తేల్చుకోవడానికి మళ్ళీ మద్రాసే వెళ్ళాము. కంటి డాక్టరు చీకటిగదిలో లైటు వేసి చూసి, కనుపాపల వెనక తెల్లటి పొర ఉందన్నారు. పుట్టినప్పుడు ఆక్సిజన్ ఎన్నాళ్ళు ఇచ్చారని అడిగారు. వారాల తరబడి అని మా ఆయన చెప్పారు.

"దీన్ని రెట్రోలెంటల్ ఫైబ్రోప్లేసియా అంటారమ్మా. నెలలు నిండని బిడ్డకు ఆక్సిజన్ ఎక్కువైతే రెటీనా చెడిపోతుంది. దీనికి ఆపరేషన్ లేదు."

ఇవ్వకుండా ఉంటే చూపు ఉండేదా అని అడిగాను. అప్పుడు బిడ్డే దక్కేవాడు కాదేమో అన్నారు.

ఆ తర్వాత జయమ్మ పేరు వింటేనే నాకు ఒళ్ళు మండేది. పెట్టె దొరకని బిడ్డకు చూపు ఉండడం, దొరికిన బిడ్డకు పోవడం ఏం న్యాయం? ఆమె వస్తే, వసంత కాటుక కళ్ళు చూడలేక వంటింట్లో పని కల్పించుకునేదాన్ని.

మూడేళ్ళు వచ్చినా పెంచలయ్య నడవలేదు. మాటలూ ఒకటి రెండే. పడిపోతాడని నేనూ మా అత్తగారూ చంక దించేవాళ్ళం కాదు. మెదడు కూడా ఎదగలేదని ఊళ్ళో అనుకున్నారు. నెల్లూరులో పిల్లల డాక్టరమ్మ వాడి తల కొలిచి, కాళ్ళూ చేతులూ ఆడించి చూసింది.

"బ్రెయిన్ ఎదుగుతానే ఉండాది. దానికి మేత లేదు, అంతే. కళ్ళతో పోవాల్సింది చేతులతో, చెవులతో పోవాల. ముందు వాణ్ణి నేలమీదికి దించండి."

దించితే ఏడ్చేవాడు. అలవాటు పడుతున్నాడు అనుకునేలోగా ఫిట్స్ వచ్చి, ఆ వచ్చిన మాటలూ పోయాయి. ఫినోబార్బిటోన్ మాత్రలతో ఫిట్స్ తగ్గాక మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాము.

ఒకనాడు జయమ్మ వచ్చినప్పుడు, వసంత వసారా చివర గాజులు గలగలలాడిస్తూ మావాణ్ణి పిలిచింది. నన్ను పట్టుకుని నిలబడినవాడు నా చెయ్యి వదిలేసి ఆ చప్పుడు వైపు నడిచాడు. వాడి మొదటి నడక. అదీ ఆ పిల్ల కోసం. నా నోరు ఆగలేదు.

"నీ బిడ్డకు కళ్ళుండాయి జయా. ఇప్పుడు నా బిడ్డ కూడా నీ బిడ్డకే కావాల్నా?"

జయమ్మ తల వంచుకుంది.

"నీ బిడ్డను పెట్టెలో పెట్టి నా బిడ్డను బయట పెట్టిన దినం, నేను నిన్ను శపించినానక్కా" అంది.

భోజనం చేసి వెళ్ళమన్నాను.

ఇప్పుడు పెంచలయ్య మద్రాసులో అంధుల బడిలో బ్రెయిలీ చదువుతున్నాడు. లెక్కల్లో వెనకబాటే. చొక్కా గుండీలు పెట్టుకోవడం ఈమధ్యే వచ్చింది. సెలవులకు వస్తే ఇల్లంతా తిరుగుతాడు, నాకు ఎదురు చెబుతాడు. వసంత బడిలో బహుమతి తెచ్చుకుందంటే ఇప్పటికీ ఓర్వలేను. ఆ మాట జయమ్మకే చెప్పుకుంటాను.

చూపు లేని బిడ్డ మీ ఇంట్లో ఉంటే చంకన మోయకండి. నేలమీదికి దించండి. చేతికి గరిటె ఇచ్చి, గరిటె అని చెప్పండి. దెబ్బలు తగులుతాయి, తగలనివ్వండి. మావాడి మోకాళ్ళ నిండా మచ్చలే. మోకాళ్ళు నున్నగా ఉన్నన్నాళ్ళూ వాడికి నడక రాలేదు.